నిప్పుకోడిని చంపిన రోజు

మేం ఆఫ్రికాకు సౌదీలోని హుఫూఫ్ నుంచి నలభై నిమిషాల్లో చేరుకున్నాం. పాస్‌పోర్టు అక్కర్లేకపోయింది, విమానమూ అక్కర్లేకపోయింది. రెండు పెట్టెల నీళ్ళసీసాలు, ఒక ఫ్లాస్కు నిండా గహ్వా అనే అరబ్బీ కాఫీ, పిల్లల టోపీలు సర్దుకుని బయల్దేరాం.

నిజానికి అసలు ఆఫ్రికాకే వెళ్ళాల్సింది. మా కఫీల్, అంటే నా వీసా ఎవరి పేరున ఉందో ఆయన, నేను పనిచేసే ఇంటి యజమాని, సెలవుల్లో కెన్యా తీసుకెళ్తానని పిల్లలకు మాటిచ్చాడు. కొడుక్కి తొమ్మిదేళ్ళు, కూతురికి నాలుగున్నర. ఇద్దరికీ ఖాకీ చొక్కాలు, ఖాకీ నిక్కర్లు కొన్నారు. దుర్భిణీలు కొన్నారు. ఆ ఇంట్లో పిల్లలు ఎక్కడికి వెళ్తే నేనూ అక్కడికి వెళ్ళాలి కాబట్టి నా ప్రయాణం కూడా ఖాయమే. ఇంతలో మేడమ్‌కి నెల తప్పింది, డాక్టరమ్మ విమానం ఎక్కొద్దంది. పిల్లాడు తలుపులు బాది, గ్లాసులు పగలగొట్టి ఇల్లు పీకి పందిరేశాడు. అప్పుడు కఫీల్ అన్నగారు, "ఆఫ్రికాకి అంత దూరం ఎందుకు, మా మజ్రాకి పంపించండి" అన్నాడు.

మజ్రా అంటే తోట. ముందువైపు ఖర్జూరాలు. వెనకవైపు ఎడారి నేలకు ఇనపకంచె వేయించి, అందులో ఆఫ్రికా జంతువుల్ని వదిలాడాయన. నాలుగు చారల గుర్రాలు, పొడుగాటి కొమ్ముల జింకలు ఆరో ఏడో, ఐదు నిప్పుకోళ్ళు. ఒకప్పుడు సింహం కూడా ఉండేదట. ప్రభుత్వం వాళ్ళు వచ్చి పట్టుకుపోయాక దాని బోను ఖాళీగా మిగిలింది. పెద్దవాళ్ళకు గొప్పలు చెప్పుకోవడానికి ఆ బోను కూడా సరిపోతోంది.

ముందే చెప్పేస్తాను, నాకు కోపం ఎక్కువ. ఇది ఎవరో అనగా విని చెబుతున్న మాట కాదు, నన్ను నేను చూసుకుని చెబుతున్నది. కానీ పరాయి ఇంట్లో అంట్లు తోముకునే మనిషికి కోపం ఉన్నా చూపించుకునే చోటు ఉండదు. పెళ్ళయిన ఆరేళ్ళకు కూడా నాకు కడుపు పండలేదని మా అత్తగారు నా వంటను కుక్కకు పెట్టేది. మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకున్నాడు. ఆ రోజూ నేను నోరెత్తలేదు. సౌదీ వచ్చిన మొదటి ఏడాది, ఇస్త్రీ సరిగ్గా లేదని మేడమ్ చెప్పు తీసుకుని భుజం మీద కొట్టింది. ఆ తర్వాత కూడా నాలుగైదుసార్లు చెయ్యి చేసుకుంది. అప్పుడూ పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను. ఇవన్నీ ఎక్కడికీ పోలేదు, నాలోనే ఉన్నాయి.

రెండేళ్ళయ్యాక ఖురూజ్, అంటే దేశం వదిలి పోయే వీసా, వేయించుకుని వెళ్ళిపోదామనే అనుకున్నాను. అదే సమయంలో చిన్నది పుట్టింది. ఇరవై రోజుల పసికందుని నా చేతుల్లో పెట్టి, రాత్రిళ్ళు నీ దగ్గరే పడుకోబెట్టుకోమన్నారు. అంతే, ఇక నేను కదల్లేదు. ఆ పిల్లకు మొదటి పన్ను వచ్చింది నా వేలు కొరుకుతున్నప్పుడు. మొదటి మాట "రా". అమ్మ అరబ్బీలో పిలిస్తే పలికేది కాదు, నేను తెలుగులో గదిమితే పరిగెత్తుకొచ్చేది. నన్ను దాదా అంటుంది. ఇక్కడ పిల్లల్ని పెంచే ఆడమనిషిని అలాగే పిలుస్తారు. పైకి ఎన్ని చెప్పినా ఆ పిల్ల నాదే అనుకున్నాను. ఇంకేదీ నాకు అక్కర్లేదు, ఆ పిల్ల నా దగ్గర ఉంటే చాలు.

ఆ రోజు కారు నడిపింది కడప భాయ్. ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా డ్రైవరు. నన్ను అక్కా అంటాడు, వయసులో నాకంటే పెద్దవాడే అయినా.

"ఏమక్కా, ఆఫ్రికాకు పోతాండామా?" అన్నాడు అద్దంలోంచి నన్ను చూసి.

"పోతన్నాం భాయ్. నువ్వు కూడా ఆ టోపీ ఒకటి ఎట్టుకో, దొరలాగుంటావు."

"నాకెందుకులే మా. సింగం నన్ను చూసి దొర అనుకోని వదిలేస్తాదా?"

"సింవ్వం లేదంటగా. పిల్లోడికి సెప్పకు, మళ్ళీ మొదలెడతాడు."

కఫీల్ ముందు సీట్లో ఫోన్లో మాట్లాడుతూ వచ్చాడు. తోటలో దిగగానే అన్నగారు ఎదురొచ్చి ముక్కు ముక్కు ఆనించి పలకరించాడు. మగవాళ్ళు గహ్వా తాగడానికి మజ్లిస్‌లోకి, అంటే అతిథుల గదిలోకి, వెళ్ళిపోయారు. సఫారీ బాధ్యత మా మీద పడింది. ఒక పాత పికప్ ట్రక్కు వెనకభాగంలో తివాచీ పరిచి, దిండ్లు వేసి, మమ్మల్ని ఎక్కించారు. భాయ్ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

కంచె గేటు దగ్గర జంతువుల్ని చూసుకునే సూడాన్ ముసలాయన ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో ముళ్ళకొమ్మ ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. గేటు తీస్తూ మా అందరికీ అర్థమయ్యేలా నెమ్మదిగా అరబ్బీలో చెప్పాడు: "బండి దిగొద్దు. నిప్పుకోళ్ళు గుడ్లు పెట్టాయి. నల్లటిది మగది, ఈ నెలల్లో దానికి పిచ్చి. నేను కూడా ఈ కొమ్మ లేకుండా లోపలికి వెళ్ళను."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే నా కొంప ముంచింది.

ఎందుకు నవ్వానో చెప్పాలి. మా నాన్న బాతులు మేపేవాడు. కోతలైపోయిన చేలల్లో ఐదువందల బాతుల్ని తోలుకుంటూ కొల్లేరు చుట్టుపక్కల ఊరూరా తిరిగేవాళ్ళం. వరిగడ్డి పరుచుకుని గట్ల మీదే పడుకునేవాళ్ళం. నాకు నడవడం, బాతుల్ని అదిలించడం ఒక్కసారే వచ్చాయి. బాతు ఎదురు తిరిగినా, కోడి మీదికొచ్చినా, గిన్నెకోడి ముక్కుతో పొడవబోయినా చేసే పని ఒకటే. కొంగు రెండు చేతులా పట్టుకుని, చేతులు బారచాపి, ఒంగి, హోయ్ హోయ్ అంటూ దాని మీదికే నడవాలి. ఎంత పొగరుమోతు పిట్టయినా అంత పెద్ద ఆకారాన్ని చూసి వెనక్కి తగ్గుతుంది. రెక్కలున్న దేనికైనా నేను భయపడటమా అనుకున్నాను. ముసలాయన కొమ్మను చూసి, ఈయనకు పిట్టల సంగతి ఏం తెలుసు అని కూడా అనుకున్నాను.

చారల గుర్రాల్ని చూశాం. చిన్నది వాటికి తెలుగులో "రా, రా" అని చెయ్యి ఊపింది. అవి రాలేదు. జింకలు దూరంగా నీడలో పడుకుని ఉన్నాయి. పిల్లాడు దుర్భిణీ తీసి ఖాళీ బోనును చూసి, సింహం ఏదని అడిగాడు. నిద్రపోతోందని చెప్పాను. వాడు నమ్మలేదు. ముఖం ముడుచుకుని కాలితో బండి పక్కను తన్నడం మొదలుపెట్టాడు. అప్పుడు కనబడింది గుడ్ల గొయ్యి. ఇసకలో బండిచక్రమంత పల్లం, అందులో పెద్దపెద్ద తెల్లటి గుడ్లు పది పన్నెండు. పక్కన ఏ పిట్టా లేదు.

"నాకొకటి కావాలి" అన్నాడు.

వద్దని చెయ్యి పట్టుకున్నాను. వాడు నా మణికట్టు కొరికి, బండి ఇంకా కదులుతుండగానే దూకేశాడు. భాయ్ బ్రేకు వేశాడు. నేను నొప్పికి చెయ్యి చూసుకునేలోగా చిన్నది వెనక పలకమీంచి జారి, అన్న వెనకాలే పరిగెత్తింది. అన్న ఏం చేస్తే అదే చెయ్యాలి దానికి.

మగ నిప్పుకోడి ఎటునుంచి వచ్చిందో చూడలేదు. చూసేసరికి గొయ్యికి అవతల యాభై అడుగుల దూరంలో ఉంది. నల్లటి ఒళ్ళు, తెల్లటి రెక్కల చివర్లు, మనిషిని మించిన ఎత్తు, మెడా ముక్కూ ఎర్రబారి ఉన్నాయి. అది పరిగెత్తలేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడుస్తూ మమ్మల్ని చూస్తోంది. ఆ క్షణంలో పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని నెమ్మదిగా వెనక్కి నడిచి ఉంటే ఏమీ జరిగేది కాదని ముసలాయన తర్వాత చెప్పాడు. నేనూ అదే అనుకుంటున్నాను.

నేనేం చేశాను? బండి దూకి, పిల్లల్ని దాటి ముందుకు వెళ్ళి, బురఖాలాంటి నా నల్ల అబాయా అంచులు రెండు చేతులా పట్టుకుని, చేతులు బారచాపి, ఒంగి, హోయ్ హోయ్ అంటూ దాని మీదికి నడిచాను.

మగ నిప్పుకోడి ఇంకో మగదాని మీద పోట్లాటకు దిగేటప్పుడు చేసేది అదేనట. నల్ల రెక్కలు చాపి, ఒంగి, మీదికి నడవడం. నేను దాని గుడ్ల దగ్గర నిలబడి, దాని భాషలోనే దాన్ని యుద్ధానికి పిలిచాను.

అది కూడా తన రెక్కలు చాపింది. గొంతు ఉబ్బించి, లోపల్నుంచి డప్పు మోగినట్టు ఒక శబ్దం చేసింది. తర్వాత వచ్చింది. అంత దూరం ఎన్ని అడుగుల్లో దాటిందో నేను చెప్పలేను. కాలు నా పొట్ట ఎత్తుకు లేవడం మాత్రం చూశాను. ముందుకు విసిరి కిందికి కొట్టింది. అబాయా చీరుకుపోయింది, తొడ చీరుకుపోయింది, నేను వెల్లకిలా పడ్డాను. ఊపిరి అందలేదు. గేటు దగ్గర్నుంచి ముసలాయన "పడుకో, లేవకు, పడుకో" అని అరుస్తున్నాడు. పడుకున్నవాళ్ళను తన్నడం దానికి చేతకాదట. నేను పడుకునే ఉన్నాను. కానీ చిన్నది నిలబడి ఉంది.

పిల్లాడు అప్పటికే బండి దగ్గరికి పరిగెత్తాడు. చిన్నదానికి పరుగు రాలేదు. గుడ్ల పక్కన చేతులు రెండూ గుండెకు అదుముకుని నిలబడిపోయింది. నల్లటిది నా మీంచి దాటి పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఒక్క తన్ను. పిల్ల గాల్లోకి లేచి రెండు గజాల అవతల పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఎండుకట్టె విరిచినట్టు, అంతకన్నా ఏమీ కాదు. ఖాకీ చొక్కా భుజం దగ్గర ఎర్రగా అయింది. పిల్ల ఏడవలేదు. అది చూసి నేను లేచాను.

రెండో తన్నుకు కాలు ఎత్తేలోగా వెనకనుంచి దాని మెడ పట్టుకున్నాను. రెండు చేతులా, తలకు జానెడు కింద. పట్టుకుని వేలాడాను. నా బరువంతా వేశాను. అది గిరగిరా తిరిగింది, నన్ను ఇసకలో ఈడ్చింది. నా మోకాళ్ళు దోక్కుపోయాయి. ఒకసారి దాని గోరు నా పిక్కలో దిగి మడమదాకా గీసుకుంటూ పోయింది. నేను వదల్లేదు. తల కిందికి వస్తే పిట్టకు బలం పోతుంది, అది మాత్రం బాతుకైనా దీనికైనా ఒకటే. తలను నేలకు తెచ్చి నా పొట్ట కింద వేసుకుని పడుకున్నాను. భాయ్ జాకీ రాడ్డు పట్టుకుని వచ్చి దాని కాళ్ళ మీద కొట్టాడు. నాలుగో దెబ్బకు ఒక కాలు మోకాలి దగ్గర వెనక్కి వంగిపోయింది. అది కూలబడింది.

ఇంతవరకూ జరిగింది చిన్నదాని కోసమే. ఎవరికైనా ధైర్యంగా చెబుతాను.

ఆ తర్వాత జరిగింది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. భాయ్ రాడ్డు పారేసి, పిల్లను ఎత్తుకుని బండి దగ్గరకు తీసుకుపోయాడు. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. భాయ్ భుజం మీంచి నన్నే చూస్తోంది. ముసలాయన కత్తి దూసుకుని పరిగెత్తుకొచ్చాడు. ప్రాణం ఉండగానే దేవుడి పేరు చెప్పి గొంతు కోస్తే మాంసం తినడానికి పనికొస్తుంది, దానికీ బాధ తప్పుతుంది. "వదులు, నేను చూసుకుంటాను, వదులు" అని నా భుజం పట్టుకుని లాగాడు. నేను ఆయన్ని మోచేత్తో పొడిచాను. చేతికందిన రాయి తీసుకున్నాను.

దాని తల నా గుప్పిట్లో ఇమిడేంత చిన్నది. కన్ను మాత్రం పెద్దది, రెప్పలకు పొడుగాటి వెంట్రుకలు ఉన్నాయి. నేను ఆ తల మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. మొదటి మూడు నాలుగు దెబ్బలకే అది పోయింది. ఆ సంగతి నా చేతికి తెలుసు, చిన్నప్పట్నుంచి ఎన్నో బాతుల మెడలు విరిచిన చెయ్యి అది. అయినా ఆపలేదు. అత్తగారు వచ్చింది నా కళ్ళముందుకు. చెప్పు పట్టుకుని మేడమ్ వచ్చింది. నన్ను కొరికి దూకిన పిల్లాడు కూడా వచ్చాడు, తొమ్మిదేళ్ళ పసివాడు. అందర్నీ కొట్టాను. నోటితో ఏమేం తిట్టానో, అన్నీ తెలుగులోనే తిట్టాను. హాయిగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ పూట నాకు హాయిగానే ఉంది.

"ఇడిసిపెట్టక్కా" అని భాయ్ గొంతు దూరం నుంచి వినబడింది. "సచ్చిపోయింది. ఎప్పుడో సచ్చిపోయింది. పిల్లోల్లు చూస్తాండారు మా, ఇడిసిపెట్టు."

అప్పుడు చేతిలో రాయి చూసుకున్నాను. తల ఉండాల్సిన చోట తల లేదు.

ముసలాయన కత్తి ఒరలో పెట్టేశాడు. "ఇప్పుడిది ఎవరికీ పనికిరాదు" అన్నాడు. కోపంగా అనలేదు. నా చిరిగిన అబాయా అంచు ఎత్తి నాకే చూపించి, "నల్లబట్ట అలా చాపితే నువ్వూ ఒక మగపక్షివే అనుకుంటుంది. ముందే చెప్పాల్సింది, నాదే తప్పు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చెప్పాల్సింది చెప్పాడు, నేనే నవ్వాను.

ఆస్పత్రిలో చిన్నదానికి కాలర్‌బోన్ విరిగిందన్నారు, భుజం మీద తొమ్మిది కుట్లు పడ్డాయి. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. నాకు తొడకూ పిక్కకూ కలిపి ఎన్ని కుట్లు వేశారో నేను అడగలేదు. నన్ను చక్రాల కుర్చీలో బయటికి తెస్తుంటే వరండాలో మేడమ్ ఎదురుపడింది. ఏమీ అడక్కుండా చెంప మీద కొట్టింది, ఒకసారి, రెండోసారి. మూడోసారి చెయ్యి ఎత్తేసరికి కఫీల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. జరిగింది చెప్పాడు. ఉత్త చేతులతో నిప్పుకోడిని చంపింది, మన పిల్ల బతికుందంటే ఈమె వల్లే అన్నాడు. మేడమ్ నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను ఆమె తల నిమిరాను. అప్పుడామె ఉలిక్కిపడి నా చేతికేసి చూసింది. గోళ్ళ సందుల్లో ఇంకా రక్తం ఉంది.

వారం రోజులు ఇంటికి చుట్టాలు వస్తూనే ఉన్నారు. ఆడవాళ్ళంతా నన్ను పిలిపించి, కథ చెప్పించుకుని, నుదుటి మీద ముద్దుపెట్టుకున్నారు. చనిపోయిన పక్షి యజమాని కూడా వచ్చి, ఇలాంటి మనిషి మాకూ ఒకరు కావాలని నవ్వాడు. పిల్లాడు నేను గదిలోకి వస్తే లేచి నిలబడటం మొదలుపెట్టాడు. మేడమ్ గొంతు మెత్తబడింది. దయచేసి అనే మాట ఆమె నోటి వెంట నేను విన్నది అప్పుడే. వీటన్నిటికీ నేను పొంగిపోయిన మాట నిజం.

చిన్నదాన్ని మాత్రం పదిరోజులు తల్లి గదిలోనే ఉంచారు. తొడ కుట్లు మానేదాకా నన్ను మెట్లు ఎక్కనివ్వలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం పెరుగన్నం కలిపి, గోరుముద్దలు పెడదామని పైకి వెళ్ళాను. ఆ పిల్లకు అన్నం పెట్టడమంటే నాకు గంట పని. ముద్ద నోట్లో పెట్టుకుని మంచం కిందికి దూరేది, కర్టెన్ వెనక్కి వెళ్ళేది, తుపుక్కున ఉమ్మి కిలకిలా నవ్వేది. గదిమితే నాలుక బయటపెట్టేది. ఇల్లంతా తిప్పి తిప్పి నా నడుము విరగ్గొట్టేది.

ఆ రోజు మంచం మీద కూర్చుని ఉంది, చెయ్యి మెడకు కట్టుతో వేలాడుతోంది. నన్ను చూసి నవ్వలేదు. నేను పక్కన కూర్చోగానే చెప్పకముందే నోరు తెరిచింది. ముద్ద పెట్టాను. నమలకుండా మింగింది. మళ్ళీ తెరిచింది.

"సతాయించవేంటే తల్లీ" అన్నాను. "పరిగెట్టు, పట్టుకుంటా."

పిల్ల కదల్లేదు. "కొట్టకు దాదా" అంది తెలుగులో, చాలా నెమ్మదిగా. "నేను మంచిదాన్ని."

పాన్పు మీద పడుకున్న మేడమ్‌కి తెలుగు రాదు. ఆమె మాకేసి చూసి తృప్తిగా నవ్వింది. "చూశావా, ఎంత బుద్ధిగా తింటోందో. అంతా నీ పెంపకమే" అంది.

కంచంలో సగం అన్నం ఉండగానే పిల్ల కడుపు నిండిపోయింది. నాకు తెలుసు, ఆ పొట్ట నేను రోజూ తడిమి చూసే పొట్ట. "చాలు బంగారం, ఇంకొద్దు" అన్నాను. "అయిపోయింది, నోరు మూసుకో" అన్నాను. నా మాట నమ్మాలో వద్దో దానికి తెలియలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా, నోరు అలాగే తెరిచి ఉంచింది.